ఒక విఘడియ వెనక

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగింది. మా అపార్ట్‌మెంట్లో మాత్రం అది విడతలవారీగా దిగింది. ముందు రెండో అంతస్తులో చప్పట్లు మోగాయి. వాళ్ళది కేబుల్ టీవీ. అవి సద్దుమణుగుతుండగా ఎదురు ఫ్లాట్లో ఈలలు. మా ఇంట్లో పిల్లలు ఫోన్లో యూట్యూబ్ పెట్టుకుని కళ్ళప్పగించి చూస్తున్నారు. వాళ్ళ విక్రమ్ ఇంకా గాల్లోనే (చంద్రుడి మీద గాలి లేదనుకోండి) తేలుతోంది. “దిగకముందే ఎందుకరుస్తున్నారు వీళ్ళు?” అని మావాడు విసుక్కున్నాడు.

చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరం. అక్కడి రేడియో సంకేతం భూమిని చేరడానికి 1.3 సెకన్లు చాలు. అంత దూరాన్ని సెకనుంపావులో దాటివచ్చిన కబురు, బెంగళూరు నుంచి హైదరాబాద్‌లో మా సోఫా దాకా రావడానికి దానికి ఎన్నో రెట్లు తీసుకుంది. ఆ సాయంత్రం ఇస్రో ప్రసారాన్ని యూట్యూబ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. తాము చూస్తున్నది కాస్త పాత సంగతి అని వాళ్ళలో ఎంతమందికి తట్టి ఉంటుంది? పైవాటావాళ్ళో కిందివాటావాళ్ళో చప్పట్లు కొట్టి చెబితే తప్ప తెలిసే దారి లేదు. లైవ్ వీడియో ఆలస్యంలోని చిత్రమంతా ఇక్కడే ఉంది. ఒంటరిగా చూసేవాడికి ఆలస్యం లేనే లేదు. అది బయటపడాలంటే పక్కన ఇంకో సాక్షి ఉండాలి: పొరుగింటి టీవీ, చెవి దగ్గర ఫోను, గోడ మీద గడియారం.

మా మేనకోడలి పెళ్ళిలో ఆ సాక్షి ఫోను. గుంటూరులో పెళ్ళి, మే నెల, ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 18 నిమిషాలకు. శుభలేఖ మీద వెంకటేశ్వరస్వామి పైన, లైవ్ లింకు క్యూఆర్ కోడ్ కింద. ఈ రోజుల్లో ఆ రెండూ లేకపోతే శుభలేఖ పూర్తయినట్టు కాదు. డాలస్‌లో మా బావ తమ్ముడి ఇంట్లో అప్పటికి ముందురోజు సాయంత్రం 4 గంటల 48 నిమిషాలు. పట్టుబట్టలు కట్టుకుని, పళ్ళెంలో అక్షింతలు కలుపుకుని, ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. ఎందుకైనా మంచిదని ఫోను కూడా స్పీకర్లో పెట్టుకున్నారు. నేను మేనమామను కాబట్టి పిల్లను బుట్టలో మోసుకొచ్చి మండపంలో దించే బాధ్యత నాది. ఆ తంతు ముగించి పక్కకు వచ్చి నడుం నిటారు చేసుకుంటున్నానో లేదో, అటు మేళం మోగింది, ఇటు నా చేతిలో ఎవరో ఫోను పెట్టారు. కంప్యూటర్లు తెలిసినవాడని పేరు పడ్డాక పెళ్ళిలో మేనమామకైనా మినహాయింపు ఉండదు.

“బావగారూ, గట్టిమేళం వినపడుతోంది గానీ టీవీలో అడ్డుతెర ఇంకా పట్టే ఉంది! జీలకర్ర బెల్లం అయిపోయిందా?”

“అయిపోయింది.”

“మరి అక్షింతలు ఇప్పుడెయ్యాలా, టీవీలో అయ్యాక వెయ్యాలా?”

చివరికి రెండుసార్లూ వేశారట. మర్నాడు పురోహితుడి ముందు ఈ ధర్మసందేహం పెడితే ఆయన స్వయంపాకం మూట కట్టుకుంటూనే, “ముహూర్తం దంపతులకు నాయనా, ఆశీర్వచనానికి కాదు” అని తేల్చేశాడు.

పంచాంగం లెక్కలో రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. అంటే ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. డాలస్ టీవీ మా మండపానికి ఇంచుమించు ఒక విఘడియ వెనకబడింది. ఇంత చిన్న కాలానికి కూడా పెద్దలు కొలత పెట్టుకున్నారంటే దానితో వాళ్ళకు పని పడే ఉంటుంది. చోద్యం ఏమిటంటే, అంతకంటే ఎంతో పెద్ద తేడాను మనం రోజూ మింగేస్తుంటాం. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం మీది పొద్దును చూసి నడుస్తాయి. 1906 నుంచి దేశం ఆ పొద్దునే తన పొద్దనుకుంటోంది. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి రావడం కాకినాడ కంటే పావుగంట ఆలస్యం. పంచాంగం గుణించేవాళ్ళు సవరించుకుంటారు గానీ మామూలు జనానికి ఆ పావుగంట లెక్కే కాదు. ఊరంతా ఒకే గడియారం చూస్తున్నంతసేపూ ఎవరికీ నష్టం లేదు. ఫోనొక కాలం, టీవీ ఒక కాలం చెప్పిన రోజున 24 సెకన్లు కూడా పేచీ పెట్టుకుంటాయి.

“మీ హాల్లో నెట్ స్లో అయి ఉంటుంది” అన్నాడు డాలస్ నుంచి మా బావ తమ్ముడు. ఎవరైనా ముందు అనుకునేది అదే. నెట్టు మెల్లగా ఉందనో, దేశం దూరంగా ఉందనో. దూరం మీద ఇంత నేరం మోపడం అన్యాయమని చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గుంటూరు నుంచి డాలస్ అటూ ఇటూగా 14,000 కిలోమీటర్లు. తిన్నగా పోతే 70 మిల్లీసెకన్లు. సముద్రాల అడుగున కేబుళ్ళు తిన్నగా పోవు, ఊళ్ళన్నీ చుట్టి పోతాయి. దూరం రెట్టింపు అనుకున్నా సెకనులో ఏడో వంతు. మిగతా 23 సెకన్ల పైచిలుకూ మజిలీల్లో ఖర్చయింది.

మజిలీలు చాలా ఉన్నాయి. కెమెరా దగ్గర పోయేది చిల్లర: సెకనుకు 25 ఫ్రేములు తీసే కెమెరాకు ఒక్కో ఫ్రేమూ 40 మిల్లీసెకన్లు. అక్కడి నుంచి వైరు మీద వీడియోగ్రాఫర్ కుర్రాడి లాప్‌టాప్‌కు వస్తుంది. అందులో ఎన్‌కోడర్. దాని పని బొమ్మను కుదించడం. అది ప్రతి ఫ్రేమునూ పూర్తిగా పంపదు. ఒకదాన్ని నిండుగా పంపి, ఆ తర్వాత మారినంత మేరకే పంపుతూ పోతుంది. మళ్ళీ కొన్ని సెకన్లకు ఇంకో నిండు ఫ్రేము. దాన్నే కీఫ్రేమ్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణం ఈ కళలో బాగా ఆరితేరింది. దానికొక అలవాటుంది: కొన్ని ఫ్రేములను ముందు వచ్చినదాన్నీ తర్వాత రాబోయేదాన్నీ, రెండింటినీ చూసి గానీ గీయదు. అలా గీస్తే ఇంకా తక్కువ బరువులో తేలిపోతుంది. కానీ రాబోయేదాన్ని చూడాలంటే అది రావాలి, వచ్చేదాకా ఆగాలి. ఎందుకాగావని ఎన్‌కోడర్‌ని అడిగితే, దారి ఇరుగ్గా ఉంటుందని భయం, బరువు తగ్గిస్తున్నాను అంటుంది.

ఏ మజిలీని అడిగినా ఇంతే. ప్రతిదీ ఒక భయం చెబుతుంది. లాప్‌టాప్ పక్కన డాంగిల్ ఉంటుంది. పెళ్ళికొచ్చిన వందల మంది ఫోన్లూ ఆ డాంగిలూ ఒకే టవరును పంచుకోవాలి. తాళి కట్టే సమయానికి అందరూ స్టేటస్ పెట్టడం మొదలెడతారు కాబట్టి సరిగ్గా అప్పుడే దారి బిగుస్తుంది. ప్రసారం చేసే సాఫ్ట్‌వేర్ కొంతసేపు ఫ్రేములను చేతిలో పట్టుకుని చూస్తుంది, ఇక లాభం లేదనుకుంటే వదిలేస్తుంది. అవతల సర్వరు దగ్గర ఇంకో పని. చూసేవాళ్ళలో ఒకరిది పెద్ద టీవీ, ఒకరిది పాత ఫోను, ఒకరిది సిగ్నల్ లేని పల్లె. అందుకని ఒకే వీడియోను మూడు నాలుగు సైజుల్లో మళ్ళీ వండాలి. ఎవరి దగ్గర ఆగకూడదో వాళ్ళందరి కోసం అది ఆగుతుంది.

అసలు ఖర్చు ఆ తర్వాతి మజిలీలో ఉంది. 2009లో యాపిల్ కంపెనీ ఐఫోన్ల కోసం హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి తెచ్చింది. లైవ్ వీడియోను ఎడతెగని ధారగా పంపడం మానేసి చిన్న చిన్న ముక్కలుగా కోసి, మామూలు వెబ్ పేజీలు దొరికే చోటే ఆ ముక్కలనూ పెట్టడం. ఫోను వచ్చి ఒక్కొక్కటే తీసుకుపోతుంది. ముక్కలు కనుక ఊరూరా ఉన్న సర్వర్లలో నకళ్ళు పెట్టుకోవచ్చు, ఎన్ని లక్షల మంది వచ్చినా పంచొచ్చు. విక్రమ్ దిగిన రోజున అంతమంది ఒకేసారి చూడగలిగారంటే ఈ ముక్కల పద్ధతుల చలవే. కానీ ముక్క పూర్తిగా తయారైతే గానీ బయటికి రాదు. మొదట్లో ముక్క నిడివి 10 సెకన్లు ఉండాలన్నారు, తర్వాత 6 అన్నారు. పైగా చూసే ఫోను చివరి ముక్కతో మొదలుపెట్టకూడదు, కనీసం మూడు ముక్కల వెనక నుంచి మొదలుపెట్టాలని నియమం. మూడు పదులు ముప్పై, మూడార్లు పద్ధెనిమిది. డాలస్ విఘడియ ఎక్కడ పోయిందో ఇక వెతకనక్కర్లేదు.

మూడు ముక్కలు ఎందుకు దాచుకోవాలి? కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ తొట్టి ఉంటుంది. మా ఊళ్ళో ఉండేది. నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చినా, వచ్చి మధ్యలో ఆగిపోయినా, తొట్టి ఉన్నంతకాలం ఇంట్లో వంట ఆగదు. దానికి మూల్యం ఒకటే: నిండు తొట్టి ఉన్న ఇంట్లో ఇవాళ తాగేది నిన్నటి నీళ్ళు. వీడియో బఫర్ కూడా ఇదే. నెట్టు ఒక క్షణం తడబడినా తెర మీద బొమ్మ ఆగకుండా నడవడానికి ప్లేయర్ కాస్త ముందుగా పట్టి ఉంచుకుంటుంది. తొట్టి ఎంత పెద్దదైతే అంత ధీమా, అంత పాతనీరు. ఇంట్లో ఒక్క తొట్టి అయితే పర్వాలేదు. కెమెరా నుంచి కన్ను దాకా దారిలో ఉన్న ప్రతివాడూ పక్కవాడిని నమ్మక తన తొట్టి తాను కట్టుకున్నాడు. ఎవరికి వారు చేసింది తెలివైన పనే. అన్నీ కలిపితే జీలకర్ర బెల్లం తప్పిపోతుంది.

ఇది కేవలం వీడియో జబ్బు కాదు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జిమ్ గెట్టిస్ 2010 ప్రాంతంలో తన ఇంట్లో నెట్ ఎందుకు మొండికేస్తోందో తవ్వుతూ పోయి ఇలాంటి సంగతే బయటపెట్టాడు. మెమొరీ చవకైపోయాక రౌటర్లూ మోడెమ్‌లూ తయారుచేసేవాళ్ళు ఒక్క ప్యాకెట్టూ పారేయకూడదన్న సదుద్దేశంతో పెద్ద పెద్ద బఫర్లు పెట్టేశారు. ఇరుకు దారి ముందు అవి నిండిపోయి, వెనక వచ్చిన ప్రతి ప్యాకెట్టూ అంత వరసా గడిచేదాకా నిలబడాల్సి వచ్చేది. దానికి ఆయన బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ దీనికో మందు చెప్పారు: వరస ఎంత పొడుగుందని చూడొద్దు, అందులో ఒక్కొక్కరు ఎంతసేపటి నుంచి నిలబడ్డారో చూడండి, మరీ ఎక్కువసేపైతే కొందరిని పంపించేయండి. మన రేషన్ షాపులకూ ఆర్టీవో ఆఫీసులకూ ఈ ఇద్దరినీ ఒకసారి పిలిపిస్తే బాగుండు.

కనుక లైవ్ వీడియో ఎందుకు ఆలస్యమవుతోందో కనుక్కోవడమంటే నా దృష్టిలో మజిలీ మజిలీకీ వెళ్ళి ‘నీకేం భయం?’ అని అడగడం. ఆ భయాన్ని తీసేయొచ్చు. కానీ తీసేస్తే జరగబోయే తడబాటును ఎవరు భరిస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. యూట్యూబ్‌లో లైవ్ పెట్టేవాళ్ళకు ఈ మీట చేతిలోనే ఉంటుంది. మామూలు, తక్కువ, అతి తక్కువ అని మూడు రకాల ఆలస్యాలు. తక్కువ అంటే చాలామందికి 10 సెకన్ల లోపు, అతి తక్కువ అంటే 5 లోపు. తగ్గించేకొద్దీ తొట్టి చిన్నదవుతుంది, చక్రం తిరగడం పెరుగుతుంది. “మామూలు ఎందుకు పెట్టావు బాబూ?” అని ఆ పెళ్ళి వీడియోగ్రాఫర్ కుర్రాణ్ణి అడిగాను. “సార్, లేటొస్తే ఎవ్వరూ తిట్టరు. తాళి కట్టేటప్పుడు చక్రం తిరిగిందనుకోండి, బ్యాలెన్స్ డబ్బులివ్వరు” అన్నాడు. అంత చల్లగా ఇంజనీరింగ్ చెప్పగలిగినవాళ్ళు అరుదు. డాలస్‌లో కూర్చున్న మా బావ వాళ్ళమ్మకు కావలసింది పిల్ల మెడలో మూడు ముళ్ళూ ఆగకుండా పడటం. అవి ఒక విఘడియ క్రితం పడ్డాయా, ఇప్పుడు పడ్డాయా అన్నది ఫోను పట్టుకున్న కొడుక్కి మాత్రమే పట్టింది.

అన్నట్టు చూసేవాళ్ళందరూ ఒకే విఘడియ వెనక లేరు. మధ్యలో కాఫీకి లేచి ఆపి మళ్ళీ నొక్కినవాళ్ళు ఆపినంతసేపు వెనకబడి ఉంటారు. తెర కింద లైవ్ అన్న మాట పక్కన ఎర్రచుక్క రంగు పోయి ఉంటుంది, దాన్ని నొక్కితే మళ్ళీ ముందుకొస్తారు. చాలామందికి ఈ సంగతి తెలియదు. నాకొచ్చే ఫిర్యాదుల్లో మంచి భాగం ఆ చుక్క నొక్కితే తీరిపోయేవే.

కొలవకుండా మందివ్వకూడదు. ఆలస్యాన్ని కొలిచే ఉపాయం చాలా మోటుది, చాలా నమ్మకమైనది. ఒక ఫోన్లో స్టాప్‌వాచ్ నడిపిస్తూ కెమెరా ముందు పెట్టాలి. వీడియో వస్తున్న తెరను దాని పక్కనే ఉంచి, ఇంకో ఫోనుతో రెండూ పడేలా ఒక ఫోటో తియ్యాలి. అసలు గడియారంలో ఒక అంకె, తెరలో గడియారంలో ఒక అంకె. తేడా ఎంతో అంతే ఆలస్యం. సెట్టింగులన్నీ ఒక్కసారే మార్చేసే ఉత్సాహవంతులుంటారు. వాళ్ళకు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. దారిని సగానికి కోసుకుంటూ పోవాలి. ముందు కెమెరా ఉన్న ఇంట్లోనే, అదే వైఫై మీద చూడాలి. అక్కడ వెంటనే వస్తుంటే కెమెరా తప్పు లేదు, బయట వెతకాలి. అక్కడా ఆలస్యమే అయితే ఇల్లు దాటి వెతకనక్కర్లేదు. చూసే సాఫ్ట్‌వేరే దాచుకుంటూ ఉండొచ్చు. వీఎల్‌సీ ప్లేయర్ నెట్ వీడియో దేన్నయినా మామూలుగా 1000 మిల్లీసెకన్లు పట్టి ఉంచుకునే చూపిస్తుంది. ఆ అంకె మార్చుకునే చోటు దాని సెట్టింగుల్లోనే ఉంది.

ఒక ప్రశ్న మాత్రం అన్నిటికంటే ముందు వేస్తాను. ఆలస్యం నిలకడగా ఉందా, పెరుగుతోందా? నిలకడగా ఉంటే అది ఎవరో కావాలని కట్టిన తొట్టి. పెరుగుతుంటే సంగతి వేరు, ఎక్కడో వచ్చేది ఎక్కువ, తీసేది తక్కువ. మెల్‌బోర్న్‌లో మా అన్నయ్యది ఈ రెండో రకం. మా అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. ఇంటి ముందూ వెనకా కెమెరాలు పెట్టించాం. అన్నయ్య తన వంటింట్లో ఒక పాత ట్యాబ్లెట్‌ను అమ్మ లేచే వేళకు ఆన్ చేసి గోడకు ఆనించి పెడతాడు. పొద్దున అమ్మ ముగ్గు వేస్తుంటే వెంటనే కనిపిస్తుంది. అక్కడ మధ్యాహ్నమయ్యేసరికి, అమ్మ ఫోన్లో “ఇప్పుడే పాలవాడు వెళ్ళాడు” అన్న చాలాసేపటికి ట్యాబ్లెట్లో పాలవాడు వస్తాడు. కెమెరా సెకనుకు 25 ఫ్రేములు పంపుతోంది. ఆ ముసలి ట్యాబ్లెట్ 24 మాత్రమే విప్పగలదనుకోండి. సెకనుకు ఒక్క ఫ్రేము, 40 మిల్లీసెకన్ల బాకీ. అల్పమే. గంటకు 144 సెకన్లు, పంచాంగం లెక్కలో ఆరు విఘడియలు. యాప్ మూసి మళ్ళీ తెరిస్తే బాకీ మాఫీ, మళ్ళీ మొదలు. దీనికి నెట్ ప్యాకేజీ పెంచి లాభం లేదు. కెమెరాలో పెద్ద బొమ్మకు మెయిన్ స్ట్రీమ్, చిన్న బొమ్మకు సబ్ స్ట్రీమ్ అని రెండుంటాయి. ట్యాబ్లెట్‌ను చిన్నదానికి మార్చాక పాలవాడు పాలవేళకే వస్తున్నాడు.

ఆలస్యాన్ని తగ్గించకుండా ఇంకోచోట పెంచి నయం చేయాల్సిన సందర్భం కూడా ఉంది. ఫంక్షన్ హాళ్ళలో మండపం పక్కన పెద్ద ఎల్‌ఈడీ తెర పెడుతున్నారు కదా. పురోహితుడి మైకు నేరుగా స్పీకర్లలోకి పోతుంది, కెమెరా బొమ్మ మిక్సరూ తెర ప్రాసెసరూ దాటుకుని కాస్త తీరుబడిగా వస్తుంది. మాట ముందు, పెదవి తర్వాత. మనిషి ఈ వరసను అసలు సహించలేడు. ప్రకృతిలో ఎప్పుడూ వెలుగే ముందు, చప్పుడే వెనక. మెరుపు తర్వాతే ఉరుము. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల లెక్క ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందుంటేనే పసిగడతాం, వెనకైతే 125 దాకా తెలియదు. అందుకని తెలిసిన ఆడియోవాడు మైకు శబ్దాన్నే కాస్త ఆలస్యం చేస్తాడు. తమాషా ఏమిటంటే చివరి వరసల వాళ్ళకు ఆ వైద్యం అక్కర్లేదు. గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్ల చొప్పున నడిచి వస్తుంది. ముప్పై నాలుగు మీటర్ల దూరంలో కుర్చీ వేసుకున్నవాడికి చప్పుడు తనంతట తానే పదోవంతు సెకను ఆలస్యమై, వెనకబడ్డ బొమ్మతో కుదిరిపోతుంది. ముందు సోఫాల్లో కూర్చున్న వియ్యాలవారికే తేడా తెలిసేది. ఫిర్యాదు చేసేదీ వాళ్ళే.

చూడటం, వినడం దాకా ఇలా ఏదో సర్దుబాటు ఉంటుంది. మాట్లాడాల్సి వస్తేనే ఆలస్యం మనుషుల మధ్య దూరుతుంది. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ సాఫీగా సాగుతుందని టెలిఫోన్ ప్రమాణాలు రాసిన అంతర్జాతీయ సంస్థ ఐటీయూ ఎప్పుడో లెక్క తేల్చింది. వెనకటి విదేశీ ట్రంకాల్స్ 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా ఎక్కి దిగేవి. అందుకే పావు సెకను దాటి ఆలస్యం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఒకేసారి ఊరుకోవడం. మా అమ్మ ఇంటి కెమెరాలో మాట్లాడే సౌకర్యం కూడా ఉంది. అన్నయ్య మెల్‌బోర్న్ నుంచి అందులో పలకరిస్తాడు.

“అమ్మా, మందులేసుకున్నావా?”

అమ్మ ముగ్గుచిప్ప పట్టుకుని తిరుగుతూ ఉంటుంది. జవాబు లేదు.

“అమ్మా! వినపడుతోందా? మందులూ...”

“వేసుకున్నాన్రా.”

“మందులేసుకున్నావా అంటున్నా.”

“ఎన్నిసార్లు చెప్పాలి? వేసుకున్నాను! నామీద నమ్మకం లేదా వీడికి?”

రెండు వైపులా మూడేసి సెకన్లు. చూడటానికి అదేమంత కాదు, కానీ అన్నయ్యకు అది అమ్మ మొహం చాటెయ్యడంలా, అమ్మకు అది కొడుకు ఆరా తియ్యడంలా తగిలేది. కొన్నాళ్ళు ఇద్దరూ కాస్త పెడసరంగా ఉన్నారు. ఇలాంటి అవసరానికి వేరే దారి ఉంది. 2011లో గూగుల్ బయటపెట్టిన వెబ్ఆర్‌టీసీ (2021లో అది వెబ్ ప్రమాణమైంది) ముక్కలు కొయ్యదు, పెద్ద తొట్టి కట్టదు. దారిలో పోయిన ప్యాకెట్టు కోసం వెనకవాటన్నిటినీ నిలబెట్టదు. అవసరమైతే పోయిందాన్ని పోయిందనుకుని ముందుకు సాగుతుంది. బొమ్మ అక్కడక్కడా చెదురుతుంది గానీ మాట వేళకు చేరుతుంది. వీడియో కాల్స్ నడిచేది ఇలాంటి తెగింపుతోనే. మా కెమెరాకు ఆ తెలివి లేదు, కొత్తది కొందామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. “దాంట్లో చూసుకో, మాట్లాడాలంటే ఫోను చెయ్యి” అని అన్నయ్యకు ఒక్క వాక్యంలో చెప్పేసి, కెమెరా స్పీకరు నోరు నొక్కించేసింది. చూపుకొక దారి, మాటకొక దారి. నెట్‌వర్కింగ్ పుస్తకాలు అధ్యాయాలకు అధ్యాయాలు ఖర్చుపెట్టేది ఈ విడదీత మీదే.

ఆ తర్వాత మిగిలింది వీధి గుమ్మం మీది కెమెరా. పగలంతా బాగుండి, చీకటి పడేసరికి నత్తనడక. “రాత్రిళ్ళు అందరూ సినిమాలు చూస్తారు, నెట్ మీద లోడ్ ఎక్కువ” అని అన్నయ్య నిర్ధారణ. పెరటి కెమెరా అదే నెట్ మీద, అదే రాత్రి నిక్షేపంగా నడుస్తోంది కాబట్టి ఆ నిర్ధారణ నిలబడలేదు. చీకట్లో సెన్సారుకు వెలుగు చాలక బొమ్మ నిండా రవ్వలు కదులుతుంటాయి. ఎన్‌కోడర్‌కు ఆ రవ్వలకూ మనిషి నడకకూ తేడా తెలియదు. ఏదో మారిందనుకుని ప్రతి రవ్వనూ శ్రద్ధగా రాసి పంపుతుంది. బిట్ రేట్‌కు పైహద్దు పెట్టకపోతే పంపాల్సిన బరువు పెరిగిపోయి, ఊళ్ళో ఇళ్ళకు ఇచ్చే కాస్తంత అప్‌లోడ్‌లో వరస కడుతుంది. పెరట్లో వీధిదీపం వెలుగు పడుతుంది. గుమ్మంలో పడదు. అది కొంతవరకు కారణం. ఊరెళ్ళినప్పుడు రికార్డింగ్ తీసి చూస్తే అసలు కారణం తెర అడ్డంగా వేలాడుతూ కనిపించింది. చీకట్లో కెమెరా వెలిగించే ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలెపురుగు చేరుతుంది. అది లెన్సు ముందు వెడల్పుగా గూడు కట్టింది. ఆ దీపాల వెలుగులో ఒక్కో దారమూ తెల్లగా మెరుస్తూ, గాలికి తెర మొత్తం ఊగుతోంది. ఎన్‌కోడర్ పాపం రాత్రంతా సాలెగూడు ఊగిసలాటను సెకనుకు 25 సార్లు మెల్‌బోర్న్‌కు నివేదిస్తూ కూర్చుంది.

నేను లాప్‌టాప్‌లో బిట్ రేట్ హద్దు ఎంత పెట్టాలా అని చూస్తుండగానే అమ్మ లోపలికి వెళ్ళి వచ్చి, స్టూలు కూడా ఎక్కకుండా, పని ముగించేసింది. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు.

“వెంటనే వస్తోందిరా! ఏ సెట్టింగ్ మార్చావు?”

అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. “బూజుకర్ర” అంది.